పిట్స్‌బర్గ్ ఉక్కు పేటల్లో రెండు రోజులు

అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి దర్శనంతోనే యాత్ర ముగించుకుంటారు. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడికి మేమూ వెళ్ళాము. అయితే ఈసారి మా ముఖ్యోద్దేశం, మనకంటే ఎన్నో దశాబ్దాల ముందే అక్కడికి వలస వచ్చి ఉక్కు మిల్లుల్లో చెమటోడ్చిన క్రొయేషియన్లు, స్లొవాక్‌ల ఆనవాళ్ళు చూడడం.

మొదట, ఒకప్పుడు ఇనుము కరిగించిన క్యారీ బ్లాస్ట్ ఫర్నెస్‌లకు వెళ్ళాము. 1907 నాటి ఆ రెండు కొలుములు 92 అడుగుల ఎత్తున తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. టికెట్టు ముందే కొనుక్కోవాలి. కాలివేళ్ళు కనబడే చెప్పులతో వెళితే లోపలికి రానివ్వరు. జో మాగరాట్స్ కథ అక్కడి గైడు చెబితేనే వినాలి. ఉక్కు పట్టాలను వేళ్ళ సందుల్లోంచి పిండి తీసి, చివరికి మేలైన ఉక్కు కోసం తానే కొలిమిలో కరిగిపోయిన వీరుడట. 1931లో ఒక పత్రికలో అచ్చయిన ఈ కథ నిజంగా కార్మికుల నోట పుట్టిందో, లేక వారు రచయితను ఆటపట్టించారో అని జానపద పరిశోధకులకే అనుమానం, ఎందుకంటే క్రొయేషియన్ భాషలో మాగరాట్స్ అంటే గాడిద. “గాడిదచాకిరీ అన్న మాట మనకొక్కరికే సొంతం కాదన్నమాట,” అన్నారు మా నాన్నగారు.

1986లో మూతపడిన హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లు స్థలంలో ఇప్పుడు దుకాణాల సముదాయం ఉంది. పాత పొగగొట్టాల వరుస మాత్రం ఇంకా నిలిచి ఉంది. మేము దిగిన హోటల్ అందుబాటులో ఉన్నా, గదిలో చెమ్మ వాసన, ఫలహారంలో శాకాహారికి రొట్టె, అరటిపండు తప్ప మరేమీ లేకపోవడం వల్ల రెండో రాత్రికి మారిపోయాము.

నన్ను కట్టిపడేసింది మాత్రం మిల్‌వేల్‌లోని సెయింట్ నికొలస్ క్రొయేషియన్ చర్చి. క్రొయేషియాలో పుట్టిన చిత్రకారుడు మాక్సో వాంకా 1937లోను, 1941లోను గీసిన కుడ్యచిత్రాలలో దేవతలతోపాటు కార్మికుల ఇళ్ళూ ఉన్నాయి. ఒకచోట పనిలో చనిపోయిన కొడుకు శవం చుట్టూ స్త్రీలు విలపిస్తున్నారు. మరోచోట విషవాయువు ముసుగు ధరించిన అన్యాయానికి ప్రతిరూపం పట్టుకున్న త్రాసులో రొట్టెకంటే బంగారమే బరువు తూగుతోంది. కరిగిపోవడానికి సంతోషంగా సిద్ధపడే మాగరాట్స్ యజమానులకు నచ్చే వీరుడు. ఈ తల్లుల కన్నీళ్ళు ఆ కథలో ఎక్కడా లేవు. చర్చి చూపించే వేళలు పరిమితం కనుక ముందే కనుక్కుని, కనీసం రెండు గంటలు కేటాయించుకోండి. మాకు దొరికిన గంట పైకప్పు చూడడానికే సరిపోయింది.