నకలు జీన్‌ను ఆపాలంటే: ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏనా, క్రిస్పరా?

పీటెన్ జీన్ కణాలు అదుపు తప్పి పెరగకుండా చూస్తుంది. దాని నకలు పీటెన్‌పీ1 అనే సూడోజీన్, ప్రొటీన్ తయారుచేయదు. అయినా దాని ఆర్‌ఎన్‌ఏ, పీటెన్‌ను అణిచే మైక్రోఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను తనవైపు లాక్కుని అసలు జీన్‌ను కాపాడుతుందని 2010లో బోస్టన్ పరిశోధకులు ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో చూపించారు. ల్యాబులో ఈ నకలును ఆపి చూడాలంటే? దారులు రెండు: జీన్ నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏను నాశనం చేయించే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏనే కత్తిరించే పరికరం క్రిస్పర్.

ఖర్చు, శ్రమ: ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ చవక, రెండుమూడు రోజుల్లో తేలుతుంది. క్రిస్పర్‌లో క్లోన్‌లు (ఒక్కో కణం నుంచి పెరిగిన కణాల గుంపులు) ఏరి పెంచడానికే వారాలు.

నిలకడ: మొదటిది కొద్దిరోజులే, రెండోది శాశ్వతం.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. రెండు జీన్‌లూ కవలపిల్లల్లా ఉంటాయి. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేశాక పీటెన్ తగ్గితే, అది నకలు పోయినందుకా, పీటెన్‌కే నేరుగా దెబ్బ తగిలినందుకా? చెప్పలేం. క్రిస్పర్‌కీ అదే గండం. పైగా ఒకటిరెండు డీఎన్‌ఏ అక్షరాలు చెరిపితే చాలదు. ప్రొటీనే లేనప్పుడు చెడేదేముంది? పెద్ద ముక్కే లేపేయాలి. కాకపోతే నకలు 9వ క్రోమోజోమ్‌పై, అసలుది 10పై ఉన్నాయి; చుట్టుపక్కల డీఎన్‌ఏ వేరు కాబట్టి గురి అక్కడ పెట్టొచ్చు.

తొలి పరీక్షకైతే, అక్షరాలు తేడాగా ఉన్నచోట గురిపెట్టిన రెండుమూడు ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలు చాలు. ఎలుకలో కణితిని వారాల తరబడి గమనించాలంటే మాత్రం క్రిస్పరే.