రెండో అచ్చు కూడా అక్కడే పడుతుంది: ఏడాది పైగా వాడాక స్టాంపింగ్ ప్లాట్‌ఫామ్ గురించి

స్టాంపింగ్ ప్లాట్‌ఫామ్ అంటే కాగితాన్ని అయస్కాంతాలతో కదలకుండా పట్టి, మడతబందు ఉన్న మూతకు స్టాంపు అంటించి కార్డుల మీద అచ్చు వేసుకునే పరికరం. ఇందులో అయస్కాంతాలు ఎన్ని వస్తాయి, గళ్ల షీటు ఎంత పెద్దది, మూత దేనితో చేశారు అన్నవి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను దీన్ని ఇంకా బల్ల మీద ఉంచుకున్నది ఒక్క గుణం కోసం. మూతకు స్టాంపు అంటించి ఒకసారి నొక్కుతాం. అచ్చు సరిగా పడలేదనుకోండి, కాగితం కదపకుండా మళ్లీ సిరా అద్ది మళ్లీ మూత వేస్తే రెండో అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా మొదటిదాని మీదే కూర్చుంటుంది. ఇంతే. ఈ ఒక్క సౌకర్యం కోసం దీని మీద ప్రేమ పుట్టింది, ఆ ప్రేమ ఇప్పుడు కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో తర్వాత చెప్తాను.

అమెరికాలో మిస్టీ పేరుతో బాగా పేరుపడ్డ పరికరం ఉంది కదా, నాది ఆ పద్ధతిలోదే గాని అది కాదు, చవకరకం. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే పనిచేసుకుంటాను. పుట్టినరోజు కార్డులు, గృహప్రవేశం రిటర్న్ గిఫ్టులకు కట్టే ట్యాగులు, నూటపదహార్లు పెట్టి ఇచ్చే చదివింపుల కవర్లు, అప్పుడప్పుడూ శుభలేఖలు. ఇంతకుముందు యాక్రిలిక్ దిమ్మకు స్టాంపు అంటించి చేత్తోనే వేసేదాన్ని. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు టేకు అచ్చుల్ని కంటి అంచనాతో ఒకదాని పక్కన ఒకటి అతుకు కనపడకుండా వేసుకుంటూ పోతారు. ముందు రేఖ అచ్చు, తర్వాత దాని లోపల రంగు అచ్చు, ఎక్కడా పక్కకు జరగదు. అది తరాల చెయ్యి. నా చెయ్యి అలాంటిది కాదు. మొదటి అచ్చు మసకగా వస్తే ఆ కార్డు చెత్తబుట్టకే.

అసలు సంగతి ఒక శుభలేఖల ఆర్డరుతో మొదలైంది. భవానీపురంలో ఉండే వాళ్లు, అమ్మాయి పెళ్లి. ప్రెస్సులో వేయించినవి వద్దు, గరుకు హ్యాండ్‌మేడ్ కాగితం మీద చేత్తో వేసినవే కావాలన్నారు. పైన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’, చుట్టూ మామిడి పిందెల అంచు, వివరాల కాగితం లోపల విడిగా. తెలుగు అక్షరాల స్టాంపులు నాకు రెడీమేడ్‌గా దొరకలేదు. కార్డుల సామాను అమ్మే చోట ఏ సెట్టు చూసినా ఇంగ్లీషే. గవర్నర్‌పేటలో ఆఫీసు సీళ్లు చేసే కొట్టుకు వెళ్లి, హ్యాండిల్ లేకుండా రబ్బరు ముక్క మాత్రమే లేజర్‌తో చెక్కించి ఇమ్మన్నాను. ‘హ్యాండిల్ లేకుండా ఏం చేసుకుంటారమ్మా?’ అన్నాడు గాని, చెక్కడం మాత్రం శుభ్రంగా చెక్కాడు.

నమూనా ఒకటి మెరూన్ డై ఇంకుతో వేసి తీసుకెళ్లాను. ఇంట్లో అందరూ బాగుందన్నారు. పెళ్లికూతురి నాయనమ్మ గారు మాత్రం ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, పూజగదిలోంచి పసుపు గిన్నె తెచ్చి, నాలుగు చుక్కల నీళ్లు పోసి కలిపి, ఉంగరపు వేలితో నాలుగు మూలలా అద్దారు. చూస్తుండగానే మామిడి పిందెల మెరూన్ రంగు పసుపులోకి దిగింది. నాలుగు మూలలూ పుండ్లలా తయారయ్యాయి.

‘ఏమ్మా, పసుపు పెట్టకుండా శుభలేఖ పంచుతామా?’

ఈ ప్రశ్నకు నా దగ్గరే కాదు, నేను చూసిన ఏ విదేశీ వీడియోలోనూ జవాబు లేదు. సిరా తడికి నిలుస్తుందా అని వాళ్లూ పరీక్షిస్తారు గాని కుంచెతో వాటర్‌కలర్ పూసి చూస్తారు, తడి పసుపు వేలితో నొక్కి చూడరు. డై ఇంకులో రంగు నీళ్లలో కరిగి ఉంటుంది, కాగితం పీచులోకి త్వరగా ఇంకుతుంది, త్వరగా ఆరుతుంది. కానీ తడి తగిలితే చాలా రకాల్లో మళ్లీ కరిగి పాకుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగదు. మెత్తని పొడిలా సిరాలో కలిసి ఉండి, ఎక్కువగా కాగితం పైనే పేరుకుంటుంది. ఆరడానికి చాలాసేపు పడుతుంది. నిగనిగలాడే ఆర్ట్ పేపరు మీదైతే వేడి పెట్టనిదే ఆరదు. కానీ పీచు కాగితం మీద పూర్తిగా ఆరితే తడికి లేవదు. స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకులూ (నీళ్లకు బదులు ఘాటైన ద్రావకంతో చేసినవి) ఉన్నాయి గాని ఆ వాసన మూసిన గదిలో నాకు పడదు, దాన్ని తుడవడానికి విడిగా క్లీనర్ కొనాలి. తడి సిరా మీద ఎంబాసింగ్ పౌడర్ చల్లి, వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కరిగిస్తే పసుపుకేం భయం లేదు. అయితే ఆ మెరుపు గరుకు కాగితం మీద ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది, పెళ్లివాళ్లు వద్దన్నారు.

మిగిలింది పిగ్మెంటే. దాంతో వచ్చిన చిక్కు ఏమిటంటే అది చిక్కటి సిరా, కాగితమేమో ఎగుడుదిగుడు. ఎత్తుగా ఉన్నచోట పడుతుంది, గుంటల్లో పడదు. అలాగని సిరా బాగా పట్టించి గట్టిగా నొక్కితే అక్షరాలు పూడిపోతాయి. ఇంగ్లీషు అక్షరాలకు ఈ బాధ కొంత తక్కువ. మనకు ‘స్తు’లో త ఒత్తు, ‘ఘ్న’లో న ఒత్తు ఉన్నాయి. ఆ ఒత్తుల లోపలి ఖాళీలు సూదిమొనంత. అక్కడ సిరా నిండిందంటే అవిఘ్నమస్తు అన్న మాటకే విఘ్నం.

ప్లాట్‌ఫామ్ నిజంగా పనికొచ్చింది ఇక్కడే. ప్యాడ్‌ను స్టాంపు మీద పైపైన తట్టి పలచగా సిరా పట్టించాలి. మూత వేసి, వేళ్లతో అంతటా సమంగా నొక్కి తీయాలి. మొదటి అచ్చు వెలిసిపోయినట్టు, చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. కంగారుపడక్కర్లేదు. మళ్లీ పలచగా అద్ది మళ్లీ మూత వేయాలి. ఈసారి గుంటలు నిండుతాయి, ఒత్తులు మాత్రం విడిగా నిలుస్తాయి. ఒక్కసారి దట్టంగా వేసినదానికీ రెండుసార్లు పలచగా వేసినదానికీ తేడా పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. చేతి దిమ్మతో ఇది జరిగే పని కాదు. రెండోసారి నూలుపోగంత జరిగినా అక్షరానికి నీడ వస్తుంది.

కార్డులన్నీ గది నిండా దుప్పట్ల మీద పరిచి, రాత్రంతా ఫ్యాను ఆపి ఆరనిచ్చి, పొద్దున హీట్ గన్‌తో పైపైన వేడి చూపించాను. నాయనమ్మ గారు మళ్లీ పసుపు గిన్నె తెచ్చారు. అద్దారు, ఆరనిచ్చారు, వేలితో రుద్దారు. ‘ఇది నిలబడిందమ్మా’ అన్నారు. ‘అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెక్కించాల్సింది’ అని కూడా అన్నారు, అది వేరే విషయం.

ఆ ఊపులో అప్పట్లో మా ఆడబిడ్డతో సహా కనపడిన వాళ్లందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

మొదట, మడతబందు వదులవుతోంది. మూత తెరిచేటప్పుడు పక్కకు కాస్త ఊగుతుంది. లావు అక్షరాలకు ఇప్పటికీ తేడా తెలియదు గాని, సన్నగీతల పూలకు రెండో అచ్చు వేస్తే గీత జంటగా కనిపించడం మొదలైంది. మూత వేసేటప్పుడు రోజూ ఒకే వైపుకు ఆనించి వేస్తే సరిగ్గానే పడుతోంది. అదొక అలవాటు, కొత్తవాళ్లకు చెప్తే విసుగు. ఏ గుణం చూసి మురిసిపోయానో అదే సడలుతోంది కాబట్టి దీన్ని చిన్నలోపం అనలేను.

తర్వాత మా ఊరి ఎండ. మే నెలలో నలభై దాటినప్పుడు, ఏసీ లేని గదిలో క్లియర్ ఫోటోపాలిమర్ స్టాంపులు (జిగురు లేకుండానే మూతకు అంటుకునే పారదర్శక ప్లాస్టిక్‌వి) మెత్తబడి మూతకు విపరీతంగా పట్టేస్తాయి. ఊడదీస్తుంటే సన్నటి తీగల దగ్గర సాగుతాయి. మామిడి పిందె స్టాంపు తొడిమ దగ్గర తెగింది అలాగే. చెక్కించిన రబ్బరుకు ఈ బాధ లేదు, డబుల్ టేపుతో అంటిస్తే కదలదు. అయితే అది మందం కాబట్టి అడుగున కాగితం కింద ఉండే ఫోము మెత్త తీసేయాలి, లేకపోతే మూత సరిగా పడక ఒక అంచు మాత్రమే అచ్చవుతుంది. క్లియర్‌ది పెట్టినప్పుడు మళ్లీ ఫోము వేయాలి. తీస్తూ వేస్తూ ఉండాల్సిందే. కొత్త క్లియర్ స్టాంపు మీద సిరా నీటిబొట్లలా జారిపోతే పెన్సిలు రబ్బరుతో ఒకసారి పైపైన రుద్దండి, పట్టుకుంటుంది. ఇది ప్లాట్‌ఫామ్ తప్పు కాదు గాని అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి చెప్తున్నా.

అయస్కాంతాల సంగతి కూడా. మామూలు కార్డును బాగానే పట్టుకుంటాయి. మందపాటి హ్యాండ్‌మేడ్ కాగితం మీద పట్టు చాలదు, వానాకాలం చెమ్మకు అంచులు లేచిన కాగితమైతే అసలు ఆగదు. నేను ముందురోజు రాత్రి కాగితాలను లావు పుస్తకాల కింద పెడతాను.

ఇంకోటి, రెండు అచ్చులంటే రెండింతల సమయం. పెళ్లివాళ్లు లెక్క చూసేది కార్డులకేగాని నా గంటలకు కాదు.

కొనాలా అంటే, ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి. ఇంట్లో పిల్లల కోసం, స్నేహితుల కోసం నున్నటి కార్డు మీద డై ఇంకుతో ఒకటీ అరా చేసుకునేవాళ్లకు యాక్రిలిక్ దిమ్మ చాలు, ఆ డబ్బు మంచి ఇంకు ప్యాడ్‌కు పెట్టండి. నాలాగా గరుకు కాగితం, పిగ్మెంట్ ఇంకు, ఒత్తులున్న తెలుగు అక్షరాలు, పసుపు పెట్టే ఖాతాదార్లు ఉన్నవాళ్లకు ఇలాంటిది ఏదో ఒకటి లేకుండా గడవదు. బందు లోహంతో చేసింది దొరికి, నాలుగు డబ్బులు ఎక్కువైనా భరించగలిగితే అది చూడండి. నేను మాత్రం శ్రావణం ముహూర్తాలదాకా ఈ ఊగే మూతతోనే నెట్టుకొస్తాను. ఈలోపు బందు ఊడితే మళ్లీ ఇదే కొంటానో లేదో అప్పటికి చేతిలో ఉన్న అడ్వాన్సులను బట్టి ఉంటుంది.