చందమామ యాత్రకు ఏ పేరు మేలు: అపోలోనా, ఆర్టెమిసా?

గ్రీకుల అపోలోకీ చంద్రుడికీ నేరుగా చుట్టరికం ఏమీ లేదు. ఆయన వెలుగుకి, సంగీతానికి, వైద్యానికి, జోస్యానికి దేవుడు. మరి చంద్రుడి మీదికి వెళ్లే కార్యక్రమానికి ఆ పేరెందుకు? 1960లో నాసాలో ఏబ్ సిల్వర్‌స్టీన్ ఈ పేరు సూచించినప్పుడు, సూర్యుడి దారిలో రథం తోలే అపోలో అయితేనే ఇంత పెద్ద పనికి సరితూగుతాడని అనుకున్నాడు. పాత కథల్లో ఆ రథం సూర్యదేవుడు హీలియోస్‌ది, అపోలోకి తర్వాత్తర్వాత అంటగట్టారు. అయినా పేరు నిలబడిపోయింది. 1969 నుంచి 1972 లోపు 12 మంది చంద్రుడి మీద నడిచారు కాబట్టి ఇప్పుడు దాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు.

కానీ నాకు నాసా కొత్త చంద్రయాత్రలకి 2019లో పెట్టిన ఆర్టెమిస్ అన్న పేరే ఎక్కువ నచ్చింది. ఈమె అపోలోకి కవల, అదీ అక్క! వీళ్ల తల్లి లీటోకి డీలోస్ దీవి దగ్గర నొప్పులొచ్చినప్పుడు ముందు పుట్టింది ఈమె, పుట్టీ పుట్టగానే తల్లికి మంత్రసానిగా నిలబడి తమ్ముడిని బయటికి తెచ్చిందని ఒక కథ. విల్లు పట్టి అడవిలో తిరిగే వేటదేవత, కాన్పులు కాచే తల్లి, తర్వాతి కాలంలో చంద్రుడికీ దేవత. తమ్ముడి పేరు మీద మగవాళ్లు మాత్రమే వెళ్లిన చోటికి ఆడవాళ్లను కూడా పంపాలనుకున్నప్పుడు అక్క పేరు పెట్టడం ఎంత బాగా కుదిరిందో చూడండి.

చంద్రుడు కావాలంటే అసలు సెలీనీ పేరు పెట్టాలి కదా అంటారు కొందరు. నిజమే, గ్రీకులకు చంద్రుడంటే సెలీనీయే. 2007లో జపాన్ చంద్రుడికి పంపిన కగూయా అనే నౌకకి సెలీన్ అన్న పేరు కూడా ఉంది. అయితే ఆ పేరులో చంద్రుడొక్కడే ఉన్నాడు, పాత యాత్రతో బంధం లేదు.

అపోలో పేరు వైద్యానికైతే చక్కగా సరిపోతుంది. హిప్పోక్రటిస్ ప్రమాణం మొదలయ్యేదే అపోలో మీద ఒట్టుతో, పైగా వైద్యదేవుడు అస్క్లీపియస్ ఆయన కొడుకే. చెన్నైలో 1983లో మొదలైన ఆసుపత్రికి ఆ పేరు ఎంత నప్పిందో మనకు తెలిసిందే.

ఆర్టెమిస్‌తో నాకున్న ఇబ్బంది ఒక్కటే, ఆ యాత్రల నౌక పేరు ఓరియన్. ఆమెకి ఇష్టమైన వేటగాడు ఓరియన్ సముద్రంలో ఈదుతుంటే, అది నచ్చని అపోలో దూరంగా కనిపించే ఆ నల్లటి చుక్కని కొట్టగలవా అని అక్కని రెచ్చగొట్టాడు. ఆమె బాణం వేసింది, తగిలింది ఓరియన్ తలకి! మనం మృగశిర అనే చుక్కలు ఉన్నది కూడా ఆకాశంలో ఓరియన్ అనే చుక్కల గుంపు తల దగ్గరే. మనుషుల్ని మోసుకెళ్లే నౌకకి ఆ పేరు మార్చి ఉంటే బాగుండేది. అయినా నా ఓటు మాత్రం అక్కకే.