డాయిచ్‌లాండ్ టికెట్‌తో మూడేళ్లు: హాయి నాది, ఫైన్ అమ్మానాన్నలది

2023 మే 1న ఈ టికెట్ మొదలైనప్పటి నుంచీ వాడుతున్నాను. అప్పుడు నెలకు 49 యూరోలు, నిరుడు 58, ఈ జనవరి నుంచి 63. ఇది జర్మనీ అంతటా సిటీ బస్సులు, ట్రామ్‌లు, మెట్రోలు, లోకల్, ప్రాంతీయ రైళ్లలో తిరగడానికి నెలవారీ పాస్. దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైళ్లకు మాత్రం చెల్లదు.

ఇన్నాళ్లూ దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. బెర్లిన్‌లో టికెట్ అనే సంగతే మర్చిపోయాను. ఇది రాకముందు గడప దాటితే లెక్కలే. టికెట్ల కోసం ఇక్కడ మూడు జోన్లుంటాయి: ఊరి లోపల ఏ, బీ, ఊరి బయట సీ. ఏబీ జోన్ చాలా, సీ కూడా కావాలా? మూడు స్టేషన్లే కదా, షార్ట్ టికెట్ సరిపోతుందా? రెండు గంటల టికెట్ తీసుకుని గంటలో పని ముగించుకుంటే దాని మీదే వెనక్కి రావొచ్చా? (రాకూడదు. ఒకే దిక్కుకు చెల్లుతుంది.) ఇప్పుడు చినుకు పడితే ఒక్క స్టాప్ కోసమైనా ట్రామ్ ఎక్కేస్తాను. ఊరి చుట్టూ తిరిగే రింగ్ రైళ్లలో ఎస్41 బదులు ఎస్42 ఎక్కేసినా దిగను, చుట్టంతా కలిపి గంటే. ఒక శనివారం పొద్దున డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని రోస్టాక్ మీదుగా వార్నెముండె వెళ్లి, బాల్టిక్ సముద్రం ఒడ్డున తినేసి, రాత్రికి ఇంటికొచ్చాను. పైన ఒక్క సెంటు కట్టలేదు.

ఇక్కడ స్టేషన్లకు గేట్లుండవు. నేరుగా లోపలికి నడిచి వెళ్లిపోవడమే. ఆ అలవాటే కొంప ముంచింది.

పోయిన మేలో అమ్మానాన్న వచ్చారు. ఎయిర్‌పోర్టు సీ జోన్ కాబట్టి మెషీన్‌లో ఇద్దరికీ ఏబీసీ టికెట్లు కొన్నాను. జోన్ సరిగ్గానే చూసుకున్నానని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. నాలుగు సూట్‌కేసులు, అందులో ఒకదానిలో ఆవకాయ కారిందేమోనని అమ్మ టెన్షన్. ఊళ్లోకి వెళ్లే ఎస్9 లోకల్ రైలు వచ్చింది, ఎక్కేశాం. షూనెవైడె స్టేషన్‌లో మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు ఎక్కారు. తలుపులు మూసుకున్నాక టికెట్లు చూపించమన్నారు. నా ఫోన్ చూసి సరేనన్నారు. నాన్న చొక్కా జేబులోంచి రెండు టికెట్లూ తీసి అందించారు. చెకింగ్ వాళ్లలో ఒకాయన వాటిని అటూ ఇటూ తిప్పి, ముద్ర ఏదని అడిగాడు.

మన బస్సులో కండక్టరు టికెట్ కొడతాడు, మన పని అయిపోతుంది. ఇక్కడ కొనడం ఒకటి, ముద్ర కొట్టుకోవడం ఇంకొకటి. ప్లాట్‌ఫారం మీదున్న చిన్న డబ్బాలో టికెట్ పెడితే తేదీ, టైము పడతాయి. అవి పడని టికెట్ జేబులో ఉన్నా లేనట్టే. నాకు తెలియక కాదు, రెండేళ్లుగా ఆ డబ్బా ముఖం చూడక. మనిషికి 60 యూరోల చొప్పున 120. అమ్మ అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చి, పదకొండు వేల పైమాటే అంది. కొత్తవాళ్లు, ఇప్పుడే విమానం దిగారు అని నాకొచ్చిన జర్మన్‌లో బతిమాలాను. పని జరగలేదు.

అసలు ఇబ్బంది డబ్బు కాదు. నాన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు. ఒక్కసారి కూడా చెకింగ్‌లో దొరకని మనిషి, బెర్లిన్‌లో కాలు పెట్టిన గంటకే టికెట్ లేని ప్రయాణికుడయ్యారు, అదీ నా వల్ల. ఆయన మాత్రం ఆ చెకింగ్ మనిషి పక్షమే మాట్లాడారు. "ఆయన డ్యూటీ ఆయన చేస్తున్నాడమ్మా. ముద్ర లేకపోతే సాయంత్రం దాకా అదే టికెట్ మీద తిరగొచ్చు కదా" అన్నారు. ఫైన్ రసీదు ఇచ్చే మెషీన్ వంక కూడా ఆసక్తిగా చూశారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ దెబ్బకు జూన్ నెలకు ఇద్దరికీ ఇదే టికెట్ తీసుకున్నాను. చుట్టాలకు ఇది సుఖమా అంటే, సగం సగం. ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. 10వ తేదీలోపు రద్దు చెయ్యకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. నేను ఫోన్‌లో మూడు అలారాలు పెట్టుకున్నాను. టికెట్ మనిషి పేరు మీద ఉంటుంది కాబట్టి గుర్తింపు కార్డు దగ్గరుండాలి. అమ్మ పాస్‌పోర్టు పట్టుకుని కూరగాయలకు కూడా వచ్చేది. టికెట్ ఫోన్‌లో కదా, నాన్న ఫోన్ చార్జింగ్ నలభైకి దిగితే చాలు, పవర్ బ్యాంక్ తీసేవారు. కానీ బెర్లిన్ పక్క ఊరు పాట్స్‌డామ్‌కు ఆయన ఒక్కరే వెళ్లి వచ్చారు, అదీ రెండుసార్లు. విడి టికెట్లయితే పంపడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

పైన అంత మెచ్చుకున్నాను కానీ, ఒక మాట చెప్పాలి. నేను కట్టేది 63 కాదు. మా ఆఫీసు జాబ్ టికెట్ ఇస్తుంది, అంటే ఇదే టికెట్ ఉద్యోగులకు తక్కువ ధరకు, కొంత ఆఫీసే భరించి. నాకు పడేది 44.10. కారు లేదు, పిల్లలు లేరు, వారానికి నాలుగు రోజులు ఆఫీసు. ఇంటి నుంచి పనిచేస్తూ ఎండాకాలమంతా సైకిల్ మీద తిరిగే నా ఫ్రెండ్ పోయినేడే దీన్ని మానేసింది. తన లెక్క తనకు సరిపోయింది. సైకిల్ రైల్లో పెట్టాలంటే ఎలాగూ విడిగా కట్టాలి. ధర ఇంకో పది పెరిగితే నేనూ ఆలోచిస్తానేమో. ఇప్పటికైతే వదలను.

వాళ్లు తిరిగి వెళ్లింది జూలై 3న. జూన్ టికెట్లు అయిపోయాయి కాబట్టి ఎయిర్‌పోర్టుకు మళ్లీ రెండు ఏబీసీ టికెట్లు కొన్నాను. మెషీన్‌లోంచి అవి పడీ పడగానే నాన్న నా చేతిలోంచి లాక్కుని, డబ్బా దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే కొట్టారు. కళ్లజోడు పైకి జరిపి తేదీ, టైము చదువుకుని, ఒకటి అమ్మకిచ్చి, "జాగ్రత్త, దిగేదాకా పారెయ్యకు" అన్నారు.