పాత ఫ్రాట్ హౌస్: కూల్చి కట్టడమా, బాగు చేసుకోవడమా?

ఇల్లినాయ్, పర్డ్యూ లాంటి అమెరికన్ యూనివర్సిటీల పక్క వీధుల్లో ఎర్ర ఇటుకల మూడంతస్తుల మేడలు వరుసగా కనిపిస్తాయి. గుమ్మం పైన రెండు మూడు గ్రీకు అక్షరాలుంటే అది చాలావరకు ఫ్రటర్నిటీ ఇల్లు, అంటే కాలేజీ అబ్బాయిలు సభ్యులుగా చేరి కలిసి ఉండే సంఘం ఇల్లు. వాడుకలో ఫ్రాట్ హౌస్. వీటిలో చాలా ఇళ్లు 1910, 1920 దశకాల్లో కట్టినవి. మాస్టర్స్‌కి వెళ్లిన మనవాళ్లు అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు కాబట్టి వీటిలో అడుగు పెట్టింది తక్కువ. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు డిగ్రీలో చేరి సభ్యులవుతుండటంతో, ఇల్లు ఎలా ఉందో చూసుకోవాల్సిన పని తల్లిదండ్రులకీ వచ్చింది.

ఈ ఇళ్లు చాలాచోట్ల యూనివర్సిటీవి కావు. పాత సభ్యులు పెట్టుకున్న హౌస్ కార్పొరేషన్ పేరు మీద ఉంటాయి. అంటే నిర్ణయం తీసుకునేది అరవై ఏళ్లవాళ్లు, అందులో ఉండేది ఇరవై ఏళ్లవాళ్లు. సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

రంగులు వేసి, సోఫాలు మార్చి, వైఫై పెట్టేద్దామనే దారి ఒకటుంది. దాని గురించి ఎక్కువ మాట్లాడను. గోడలో ఎనభై ఏళ్ల నాటి వైరింగ్ ఉండగా పైన పెయింట్ వేయడం డబ్బు దండగ.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. కూల్చి కట్టేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పాత ఇంట్లో పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన పీచు పదార్థం) ఉండొచ్చు. 1978లో ఇళ్లకు సీసం కలిసిన రంగుల్ని నిషేధించారు, అంతకుముందు వేసిన పొరలన్నీ కింద అలాగే ఉంటాయి. గోడ తెరిచాక ఏం బయటపడుతుందో తెలియదు కాబట్టి కాంట్రాక్టర్ ఇచ్చిన అంచనా నిలవదు. కొత్త భవనంలో ఈ టెన్షన్ తక్కువ. లిఫ్ట్, వీల్‌చైర్ పట్టే బాత్రూమ్, ఏసీ అన్నీ ప్లాన్‌లోనే వస్తాయి.

అయినా నేను బాగు చేయడం వైపే. కారణం పాత జ్ఞాపకాలు కాదు, స్థలం. చాలా కాలేజీ ఊళ్లలో పాత ఇల్లు ఇప్పటి నిబంధనలు ఒప్పుకునే దానికన్నా రోడ్డుకి దగ్గరగా, సరిపడా పార్కింగ్ లేకుండా నిలబడి ఉంటుంది. ఉన్నన్నాళ్లు ఎవరూ అడగరు. పూర్తిగా కూల్చేస్తే కొత్త నిబంధనలన్నీ మీదపడి, అదే స్థలంలో అంత పెద్ద ఇల్లు రాకపోవచ్చు. చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో పేరుంది కాబట్టి కూల్చడానికి కుదరదని కొందరనుకుంటారు. సొంత డబ్బుతో చేసే పనిని ఆ జాబితా ఆపదు, ఊరి స్థానిక చట్టం ఆపుతుంది. ఆదాయం తెచ్చే చారిత్రక భవనాల మరమ్మతుకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 20 శాతం పన్ను రాయితీ కూడా, పన్నే పెద్దగా కట్టని హౌస్ కార్పొరేషన్‌కి నేరుగా అక్కరకు రాదు.

ఇక లోపల తేల్చాల్సింది కోల్డ్ డార్మ్ సంగతి. పై అంతస్తులో ఒకే పెద్ద హాలు, వరుసగా బంకు మంచాలు, చలికాలంలోనూ తెరిచిన కిటికీలు. చల్లగాలి ఆరోగ్యానికి మంచిదని గట్టిగా నమ్మిన కాలం నాటి అలవాటు. బట్టలు, పుస్తకాలు కింద చదువు గదుల్లో ఉంటాయి. పాత సభ్యులకి ఆ హాలంటే ప్రాణం. ఇప్పటి కుర్రాళ్లకి కావాల్సింది తలుపు వేసుకోగల గది.

లెక్క వేసి చూద్దాం. 12 చదువు గదులు, గదికి ముగ్గురు చొప్పున 36 మంది ఉన్నారనుకోండి. మంచాలు గదుల్లోకి తెస్తే గదికి ఇద్దరే పడతారు, 24 మంది. ఖాళీ అయిన హాల్లో నాలుగు గదులొస్తే ఇంకో 8 మంది. అంటే నలుగురి అద్దె పోయింది. నాలుగు గదులొస్తాయా అన్నది కూడా హాలు వైశాల్యం చెప్పదు, బయటి గోడ పొడవు చెబుతుంది, ఎందుకంటే పడుకునే ప్రతి గదికీ కిటికీ కావాలి. నన్నడిగితే ఆ నలుగుర్నీ వదులుకోవాలి. నిద్ర పట్టని కుర్రాడు రెండో ఏడాదికి అపార్ట్‌మెంట్ చూసుకుంటాడు. అప్పుడు పోయేది నలుగురితో ఆగదు.

బేరం ఆడకూడనిది అగ్నిప్రమాదం విషయంలో. 1996 మే 12న, స్నాతకోత్సవం రోజు ఉదయం, నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో ఒక ఫ్రటర్నిటీ ఇల్లు తగలబడి ఐదుగురు విద్యార్థులు చనిపోయారు. మంట రాగానే సీలింగ్ నుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఆ ఇంట్లో లేవు. ఆ తర్వాత ఊరు వాటిని తప్పనిసరి చేసింది. పాత ఇళ్లలో ముందు హాల్లోంచి పైదాకా వెళ్లే అందమైన మెట్లే మంటలప్పుడు పొగగొట్టంలా పనిచేస్తాయి. కొన్ని చెక్క ఇళ్లలో గోడ లోపలి ఖాళీ నేలమాళిగ నుంచి అటక దాకా అడ్డు లేకుండా ఉంటుంది. కాబట్టి మెట్లకి ఫైర్ డోర్లు, అంతస్తు అంతస్తుకీ గోడల్లో అడ్డుకట్టలు, ఇల్లంతా స్ప్రింక్లర్లు పెట్టాలి. వైరింగ్ కోసం సీలింగ్ ఎలాగూ విప్పుతారు, స్ప్రింక్లర్ల పైపులు అప్పుడే వేసేయాలి. రెండోసారి విప్పితే రెండింతల ఖర్చు.

ఇదంతా వేసవి సెలవుల మూడు నెలల్లో అయ్యేది కాదు. రెండు మూడు వేసవుల్లో ముక్కలుగా చేస్తే ఇల్లు ఖాళీ అవదు గానీ, సగం విప్పిన ఇంట్లో పిల్లలుంటారు. ఏడాది ఖాళీ చేయించి ఒకేసారి చేయడం మంచిది, ఆ ఏడాది సభ్యులంతా దగ్గర్లో ఒకేచోట ఉండేలా అద్దెకి చూడగలిగితే. అది దొరక్కపోతే వేసవుల దారే పట్టాలి, మొదటి వేసవి పని మాత్రం మెట్లు, స్ప్రింక్లర్లు. వంటగది తర్వాత చూసుకోవచ్చు.