జూనియర్ హంట్ టెస్ట్: మీ లాబ్రడార్‌ని తీసుకెళ్లొచ్చా?

అమెరికాలో లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ పెంచుతున్నవాళ్లు ఒక వారాంతం కేటాయించదగ్గది ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) జూనియర్ హంట్ టెస్ట్. వేటలో పడిన పక్షిని కుక్క వెతికి తెచ్చి యజమానికి ఇస్తుందా అని చూసే పరీక్ష ఇది. కుక్కలు ఒకదానితో ఒకటి పోటీపడవు, ప్రమాణాన్ని అందుకుంటే చాలు. మొదటిసారి వచ్చేవాళ్లకు ఈ పద్ధతే పెద్ద ఊరట. ఆరు నెలలు నిండిన కుక్కను పెట్టొచ్చు.

నేల మీద పడిన రెండు పక్షులు, నీళ్లలో పడిన రెండు కుక్క తేవాలి, ఒక్కోసారి ఒక్కటే. దూరం మామూలుగా 100 గజాలు దాటదు. తుపాకీ పేలి పక్షి పడేదాకా కాలర్ పట్టుకుని ఉండొచ్చు. జడ్జి మీ కుక్క నంబర్ పిలిచాకే వదలాలి.

చాలా కుక్కలు దెబ్బతినేది పరుగులో కాదు, అప్పగింతలో. పక్షిని చేతికే ఇవ్వాలి. ఒడ్డెక్కగానే ఒళ్లు దులుపుకోవడానికి బాతును కింద పడేస్తుంది, మళ్లీ నోట కరుచుకోదు. అక్కడితో ఆట ముగిసినట్టే. ప్లాస్టిక్ బంపర్లతోనే (పక్షికి బదులు విసిరే శిక్షణ వస్తువులు) నేర్చిన కుక్కకైతే తడి ఈకలు నోటికి తగలగానే బెరుకు. అందుకే టెస్టుకు ముందే, చచ్చిన బాతును నీళ్లలో తడిపి మరీ, దానితో సాధన చేయించండి.

ఇద్దరు జడ్జిలు నాలుగు అంశాల్లో పదికి మార్కులేస్తారు. మొత్తం సగటు 7 రావాలి, ఏ అంశంలోనూ సగటు 5కి తగ్గకూడదు. నాలుగు టెస్టులు నెగ్గితే జూనియర్ హంటర్ బిరుదు.

ఇబ్బందల్లా మీ వంతు కోసం నిరీక్షణే. నీళ్లు, నీడకు గుడ్డ, ముదురు రంగు బట్టలు తప్పనిసరి. కరెంటు కాలర్ మైదానంలోకి తేవద్దు.