యాంటెనా బిగించే మనిషి పొద్దున్నే వస్తానంటే ఒప్పుకోకండి: ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగువారికి జాగ్రత్త

అందరికీ నమస్కారం. ఆ మనిషితో ఫోన్‌లో మాట్లాడి రెండు గంటలు కూడా కాలేదు, ఇంకా కోపం దిగలేదు. కప్పు మీద యాంటెనాలు బిగించే ఆయన ఎవరో డల్లాస్‌కు ఉత్తరాన మన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు, ఎవరు అడిగినా మనవాళ్లు ముందుగా ఇచ్చేది ఆయన నంబరే. పేరు రాయను, నాకు జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. పోయిన 640 డాలర్ల సంగతి ఒక ఎత్తు, మా మామగారి ముందు నేను పడ్డ సిగ్గు ఒక ఎత్తు.

విషయం ఇది. డల్లాస్‌కు దక్షిణాన ఉన్న ఒక చిన్న స్థానిక టీవీ స్టేషన్‌లో ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఒక గంట సమయం కొనుక్కుని మనవాళ్లు తెలుగు కార్యక్రమం వేస్తున్నారు. అందులో మా పాప కూచిపూడి నృత్యం ఏడు నిమిషాలు వస్తుందని తెలిసింది. మా మామగారికి 74 ఏళ్లు. తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలుగా ఉంటున్నారు, వచ్చే నెల మొదట్లో తిరుగు ప్రయాణం. మనవరాలు టీవీలో కనబడుతుందన్న మాట విన్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఆ స్టేషన్ కేబుల్‌లో లేదు, డిష్‌లో లేదు, యాంటెనా ఒక్కటే దారి. అందుకే ఈయనను పిలిచాను.

ఆదివారానికి ముందురోజు, శనివారం పొద్దున ఏడున్నరకే వచ్చాడు. రాత్రి బాగా ఉక్క పోసి, తెల్లవారాక కూడా ఆకు కదలని రోజు అది. పొగగొట్టానికి కడ్డీ బిగించి, దానిమీద యాంటెనా నిలబెట్టి, కింద యాంప్లిఫయర్ అనే చిన్న పెట్టె ఒకటి తగిలించి, దానికి విడిగా 85 డాలర్లు వేసి, ఎనిమిదిన్నరకల్లా టీవీలో ఛానెళ్లు వెతికే స్కాన్ పెట్టాడు. అడిగిన ఛానెల్ వచ్చింది. అద్దంలా వచ్చింది. కింద వెళ్తున్న అక్షరాలు కూడా చదవగలిగినంత స్పష్టంగా ఉంది. మామగారు కుర్చీలో ముందుకు వంగి కూర్చుని, “సాయంత్రం కూడా ఇలాగే వస్తుందా బాబూ?” అని తనే అడిగారు. “రాత్రీ పగలూ తేడా ఏముంటుంది అంకుల్‌గారూ, ఇది 250 మైళ్ల యాంటెనా,” అని అట్టపెట్టె మీది అంకెను వేలితో చూపించాడు. ఆ మాట విని నేను సంతకం పెట్టాను. కార్డు వద్దు, నేరుగా బ్యాంకు నుంచి పంపితే 40 డాలర్లు తగ్గిస్తానంటే అలాగే పంపాను.

పదకొండు గంటలకు ఆ ఛానెల్ పోయింది. పెద్ద ఛానెళ్లన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. ఫోన్ చేస్తే మళ్లీ స్కాన్ పెట్టమన్నాడు. పెట్టాను. ఈసారి జాబితాలో నంబరే రాలేదు. సాయంత్రం కాస్త చల్లబడితే వస్తుందేమోనని ఊరుకున్నాను.

ఆదివారం సాయంత్రం ఆరింటికి మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. తెనాలిలో ఉన్న మా అత్తగారిని తెల్లవారుజామున లేపి, వీడియో కాల్ పెట్టి, ఆ ఫోన్‌ను టీవీ వైపు తిప్పి పట్టుకున్నారు. స్కాన్‌లో నంబరు మళ్లీ దొరికింది. పాప పేరు చదువుతున్న గొంతు ఒక క్షణం వినిపించి ఆగిపోయింది. ఆ తరువాత తెరంతా ఆకుపచ్చా ఎరుపూ గళ్లు. పాప చేయి ఒక గడిలో, జడ మీది పువ్వు ఇంకో గడిలో, మొహం ఎక్కడా లేదు. నేను కప్పెక్కి యాంటెనాను అటూ ఇటూ తిప్పుతుంటే కింద నుంచి ఆయన “వచ్చింది, వచ్చింది... పోయింది” అంటున్నారు. ఏడు నిమిషాలూ అలాగే అయిపోయాయి. దూరదర్శన్ రోజుల్లో ఆయన డాబా మీద యాంటెనా తిప్పుతూ మా ఆవిడకు బొమ్మ చూపించిన మనిషి. “అప్పట్లో చుక్కలు చుక్కలుగా అయినా మనిషి కనబడేవాడు కదమ్మా,” అని ఆమెతో అన్నారు, అంతే. నన్ను ఒక్క మాట అనలేదు.

ఈ రోజు మధ్యాహ్నం ఆ మనిషి ఎట్టకేలకు ఫోన్ ఎత్తాడు. జరిగిందంతా చెప్పాను, డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. అప్పుడు అతను అన్న మాటలు చెవిలో ఇంకా మోగుతున్నాయి కాబట్టి అతని నోటి మాటగానే రాస్తున్నాను: “అన్నా, ఆ చిన్న ఛానెళ్లు మీ వైపు పొద్దున వస్తాయి, ఎండెక్కితే పోతాయి. సాయంత్రం ఎవరికీ రావు, నాకు తెలియదా? అందుకే కదా నేను ఎప్పుడూ పొద్దున్నే వచ్చేది. వచ్చింది చూశారు, సంతకం పెట్టారు. పెద్దాయనకు ఫోన్‌లో చూపించండి, ఏముంది అందులో.”

ఒకసారి కాదు, మూడుసార్లు చదవండి ఆ మాటలు. తెలియక చేసిన పొరపాటైతే నేను ఈ పోస్టు రాసేవాడినే కాదు. సాయంత్రం రాదని తెలిసే, తెలిసిన మనిషి కాబట్టే పొద్దున సమయం ఎంచుకుని వచ్చాడు. 74 ఏళ్ల పెద్దమనిషి సాయంత్రం వస్తుందా అని సూటిగా అడిగితే, ఆయన కళ్లలోకి చూస్తూ వస్తుందని చెప్పాడు. మనవాడు, తెలుగులో మాట్లాడాడు, కాఫీ తాగి వెళ్లాడు.

ఆదివారం రాత్రి నుంచి ఇప్పటివరకు చదివి తెలుసుకున్నది కూడా రాస్తాను, ఎందుకంటే ఇదంతా ముందే నేను చూడవలసింది. అమెరికాలో తక్కువ శక్తితో ప్రసారం చేసే ఈ చిన్న స్టేషన్లకు అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1982లో దారి తెరిచింది. పెద్ద స్టేషన్ యూహెచ్‌ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఛానెళ్లలో 1000 కిలోవాట్ల వరకు వాడుకోవచ్చు. చిన్న స్టేషన్‌కు గరిష్ఠంగా 15 కిలోవాట్లు, అంటే అరవై ఆరో వంతు, వీహెచ్‌ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీ ఛానెళ్లలో అయితే 3 కిలోవాట్లే. డల్లాస్ పెద్ద స్టేషన్ల టవర్లు ఎక్కువగా సీడార్ హిల్ దగ్గర ఉన్నాయి. అక్కడి నుంచి మా ఇంటికి గాలిదూరం దాదాపు 40 మైళ్లు కాబట్టి అవి బాగానే అందుతాయి. నేను అడిగిన స్టేషనూ ఆ దిక్కునే ఉంది, కానీ దాని ప్రసారాన్ని ఎక్కువగా దక్షిణానికి, పడమరకు మళ్లించారు, ఉత్తరాన ఉన్న మన వైపు వచ్చేది చాలా తక్కువ. ఇది రహస్యమేమీ కాదు, స్టేషన్ లైసెన్సు వివరాల్లో అందరికీ కనబడేలా ఉంది. రోజూ ఇదే పని చేసే మనిషికి అది చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

మరి పొద్దున ఎలా వచ్చిందంటే, గాలి కదలని రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, దానిమీద వెచ్చని గాలి పొర నిలుస్తుంది. ఆ పొర సిగ్నల్‌ను పైకి పోనివ్వకుండా కిందికి వంచి, మామూలుగా చేరని దూరానికి చేరుస్తుంది. ఎండెక్కి ఆ పొర చెదిరితే సిగ్నల్ కూడా పోతుంది. పాత అనలాగ్ బొమ్మ సిగ్నల్ తగ్గేకొద్దీ మసకబారుతూ కనబడేది. డిజిటల్‌లో ఆ మధ్యస్థితి లేదు, ఒక హద్దు వరకు అద్దంలా ఉండి, ఆ హద్దు దాటగానే గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. చిన్న స్టేషన్లు కూడా 2021 జులై 13తో అనలాగ్ ప్రసారం ఆపేశాయి కాబట్టి మామగారు గుర్తుచేసుకున్న ఆ చుక్కల బొమ్మ ఇక్కడ ఇక దొరకదు. యాంప్లిఫయర్ తీగలో పోయే బలాన్ని భర్తీ చేస్తుంది తప్ప, యాంటెనాకే అందని సిగ్నల్‌ను పుట్టించలేదు. 250 మైళ్లన్నది అట్టపెట్టె మీది అచ్చు మాత్రమే. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఎత్తయిన టవర్ మీది పెద్ద స్టేషన్ అయినా మామూలు రోజున 60, 70 మైళ్లు దాటి అందడం కష్టం.

స్టేషన్‌వాళ్లను అడిగితే బాగుపడుతుందా అని మా తమ్ముడు అన్నాడు. నిబంధనల ప్రకారం ఇలాంటి చిన్న స్టేషన్లలో చాలావాటిది రెండో స్థానం. పెద్ద స్టేషన్లకు వీళ్లు అడ్డు కాకూడదు, వాటివల్ల తమకు కలిగే అడ్డును భరించాలి. కేబుల్‌వాళ్లు కూడా వీళ్లలో చాలామందిని తప్పనిసరిగా చూపించనక్కరలేదు. పాపం, అంత తక్కువ బలంతో మన భాషకు ఒక గంట ఇస్తున్నవాళ్ల మీద నాకు కోపం లేదు. తమ ప్రసారం ఫ్రిస్కోకు అందుతుందని వాళ్లు ఎక్కడా చెప్పలేదు. చెప్పింది ఆయన.

యూట్యూబ్‌లో పెడతారు కదా అని ఒకరిద్దరు ఇప్పటికే మెసేజ్ పెట్టారు. పెడతారు, చూస్తాం. టీవీలో మనవరాలిని చూడాలని ఆరు నెలల తరువాత ఒక పెద్దాయన నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క కోరిక ఇది, యూట్యూబ్ దానికి బదులు కాదు. నా తప్పూ ఉంది. బయట భోజనానికి వెళ్లాలంటే ముందు పది అభిప్రాయాలు చదివేవాడిని, దీనికి మాత్రం మనవాడే కదా అని ఒక్క ప్రశ్న అడగలేదు. కార్డుతో కట్టి ఉంటే ఈపాటికి బ్యాంకులో ఫిర్యాదు పెట్టి ఉండేవాడిని. నేరుగా పంపిన డబ్బుకు అది కుదరదని బ్యాంకువాళ్లు చెప్పేశారు.

మీరు యాంటెనా పెట్టించుకునేటట్టయితే, మీకు కావలసిన స్టేషన్ పిలుపుపేరు (కాల్ సైన్) చివర ఎల్‌డి (LD) లేదా సీడి (CD) ఉందేమో చూడండి, ఉంటే అది చిన్న స్టేషన్. దాని బలం, టవర్ చోటు, ప్రసారం ఏ దిక్కుకు ఎక్కువో రాబిట్‌ఇయర్స్ వెబ్‌సైటులో మీ చిరునామా కొట్టి చూసుకోండి. తెర మీద కనబడే ఛానెల్ నంబరు అసలు ప్రసార ఛానెల్ కాకపోవచ్చు, అసలుది వీహెచ్‌ఎఫ్ అయితే యూహెచ్‌ఎఫ్ కోసం చేసిన యాంటెనా సరిగా పనిచేయకపోవచ్చు. బిగించేవాళ్లను మధ్యాహ్నం తరువాతే రమ్మనండి, మీరు చూడదలచిన వేళకు బొమ్మ నిలబడ్డాకే డబ్బు ఇవ్వండి, అదీ కార్డుతోనే.

ఆ కార్యక్రమం వచ్చే ఆదివారం సాయంత్రం అదే వేళకు మళ్లీ వేస్తున్నారట. సీడార్ హిల్ పక్కనే ఉన్న డంకన్‌విల్‌లో మా ఆఫీసు మిత్రుడి ఇల్లు ఉంది, వాళ్లకు కిటికీకి అంటించిన పలుచటి యాంటెనాతోనే ఆ ఛానెల్ రోజంతా వస్తోంది. నిన్న సాయంత్రం ఆరింటికి టీవీ పెట్టించి, ఫోన్‌లో చూపించమని అడిగి మరీ నిర్ధారించుకున్నాను. మామగారిని తీసుకుని నాలుగింటికే బయలుదేరుతాం.